45 పైసల బాధ్యత

ప్రయాణంలో ఏం జరుగుతుందో మన చేతిలో లేదు. మరి మన చేతిలో ఉన్నదేమిటి?

2023 జూన్ 2న మా ఒడిశాలో, బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. ఆ రైలు మా బరంపురం మీదుగానే వెళ్తుంది. తప్పు ప్రయాణికులది కాదు. కానీ కష్టం వాళ్ళ ఇళ్ళ మీద పడింది.

ఆన్‌లైన్‌లో రైలు టికెట్ తీసుకునేటప్పుడు 45 పైసలకే బీమా ఇస్తారు. రైలు ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. గాయపడితే ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు ఇస్తారు. అయినా కొంతమంది "మనకేమవుతుందిలే" అని వద్దంటారు. ఇంకొంతమంది తీసుకుని కూడా నామినీ పేరు రాయరు. "నా ప్రాణం, నా ఇష్టం" అనడం సులభమే. కానీ ఆ తర్వాత అప్పులు తీర్చేది, పిల్లల్ని చదివించేది ఇంట్లో మిగిలినవాళ్ళు. కాబట్టి బీమా మనకోసం కాదు, వాళ్ళకోసం.

అయితే కౌంటర్‌లో జనరల్ టికెట్ కొని వెళ్ళే కూలీకి ఈ బీమా దొరకదు. అతన్ని బాధ్యత లేనివాడు అనడం న్యాయమా? కాదని నా అభిప్రాయం. వీలు ఉండి కూడా వద్దన్నవాళ్ళనే ఆ మాట అనాలి. అందరికీ వీలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. దొరికినదాన్ని వాడుకోవడం మన బాధ్యత.