పదిమంది చూచు గడియారము

ప్రతివారి చేతిలోను కాలము చూపు సాధనమున్న ఈ దినములలో రైలు స్టేషనునకు వేరొక పెద్ద గడియారమెందుకు? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, విచారించినచో దీనిలో ఒక ధర్మసూక్ష్మము గలదు.

సూర్యుడు అన్ని ఊళ్లకును ఒక్కసారే నడినెత్తికి రాడు. ఒక్క డిగ్రీ పడమటికి పోయినచో మధ్యాహ్నము నాలుగు నిమిషములు వెనుకబడును. ఎడ్లబండ్ల నాడు ఈ భేదమును ఎవరును లెక్కపెట్టలేదు. రైలు వచ్చిన పిదప లెక్కపెట్టక తీరలేదు. ఒకే పట్టాలపై రెండు బండ్లు రెండు కాలములను నమ్మి నడచినచో ప్రాణములకే ముప్పు గదా! అందుచే పందొమ్మిదవ శతాబ్దిలో మన రైళ్లు మదరాసు నక్షత్రశాల కాలమును అనుసరించినవి. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. దాని కాధారమైన 82½ డిగ్రీల రేఖ ఒడిశాలోని జయపురమునకును, ఆంధ్రమున తునికిని చేరువగా పోవుచున్నది.

ఈ ఏర్పాటులో మహానగరములలో దేని సూర్యునకును పట్టము కట్టబడలేదు. మదరాసు సుమారు 9 నిమిషములు, బొంబాయి 39 నిమిషములు ముందునకు జరుగవలసియుండెను. కలకత్తా సుమారు 23 నిమిషములు వెనుకకు జరుగవలసియుండెను. బొంబాయి నగరము తన కాలమును వెంటనే విడువలేదు. 1955 వరకు అచ్చట ఆ పాత కాలము వాడుకలో నుండెను. ఆ పట్టుదలను పరిహసింపరాదు. తన ఊరి సూర్యుని తాను నమ్ముట నేరమెట్లగును? అయినను పదిమంది ఎక్కవలసిన బండి ఒక్కరి సూర్యుని కొరకు నిలువదు.

చేతి గడియారము మన సొత్తు. దానిని మన యిష్టము చొప్పున ముందునకో వెనుకకో త్రిప్పుకొనవచ్చును. స్టేషను గడియారము సాక్షి వంటిది. మూటలు మోయువానికిని, మొదటి తరగతి ప్రయాణికునకును అది ఒకే మాట చెప్పును. ఆ ఊరి లిపి చదువలేని క్రొత్తవానికి సైతము ముల్లుల జాడ తెలియును. హౌరాలో 1926 నాటి రెండు ముఖముల పెద్ద గడియారము క్రింద కలిసికొందమని చెప్పుకొనుట జనులకు అలవాటైనది. అంతేకాదు, ఆలస్యముగా వచ్చిన ప్రయాణికుని తప్పుపట్టు ఆ ముల్లే, ఆలస్యముగా వచ్చిన బండిని గూడ పట్టి యిచ్చును. నియమము విధించినవాడు తన లోపమును చూపు సాధనమును తానే అందరి యెదుట వ్రేలాడగట్టుట గొప్ప విషయము. ఆగిపోయిన స్టేషను గడియారమును చూచినప్పుడు ఎవరో మాట తప్పినట్లు మనస్సు చివుక్కుమనుట ఇందుచేతనే.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా నున్న మనకు ఈ విచారము మరింత దగ్గరిది. ఇంట పంచాంగము తెరచి తిథి నక్షత్రములు చూచుకొందుము. బండికి పోవునప్పుడు గడియారము చూచుకొందుము. ఈ రెంటికిని కలహమున్నదని మన పెద్దలెన్నడును అనుకొనలేదు. వీధిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో మాటలాడి, ఇంట బిడ్డలకు తెలుగు చెప్పుటయు ఇట్టిదే. నలుగురితో కలిసి నడచుటకు కొన్ని నిమిషములు జరుగుటకు మనము వెనుదీయరాదు. కాని ఆ జరుగుట అందరికిని ఉండవలెను. ఒకరు మాత్రమే జరిగి, తక్కినవారు తమ చోటనే నిలిచినచో దానిని ఉమ్మడి కాలమనుట న్యాయము గాదు. మన బిడ్డలకు ఈ రెండు మాటలును కలిపియే చెప్పవలెను.