కారణం అడగని ఒప్పందం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఎవరి న్యాయం వాళ్లది, ఇంకొకళ్ల పద్ధతిని తప్పనడానికి మనమెవరం అని రాశావు. ఆ మాటలో వినయం ఉంది, కాదనను. దాన్నే నమ్ముకుని పదిమందీ కలిసి ఒక పని చెయ్యగలరా అన్నదే నా సందేహం.

1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ముసాయిదా దగ్గర ఇద్దరికి అస్సలు పొసగలేదు. లెబనాన్ ప్రతినిధి చార్లెస్ మాలిక్ క్రైస్తవ తత్త్వం బాగా వంటబట్టినవాడు. మనిషి స్వభావంలోనే హక్కులకు పునాది ఉందనేవాడు. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ ఒప్పుకోలేదు. దేవుణ్ణీ ప్రకృతినీ తీసుకొస్తే వేరే సంప్రదాయంలో పెరిగిన కోట్ల జనం సంగతేమిటన్నాడు. చివరికి ఆ ప్రస్తావనలు లేకుండానే మొదటి అధికరణం తయారైంది. ఎవరి కారణం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. చిత్రహింస కూడదన్న దగ్గర మాత్రం కలిశారు. ముందు కారణం తేలాలని భీష్మించుకుంటే ఆ కమిటీ ఈపాటికీ కూర్చునే ఉండేది.

నీ వైపు పెద్దలూ ఉన్నారులే. యూరప్ విలువలే అందరికీ కొలబద్ద కాకూడదని 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం హెచ్చరించింది. వట్టి భయం కాదది. అప్పటికి వలసల్ని గుప్పిట్లో పెట్టుకున్న బ్రిటన్, ఫ్రాన్స్ కూడా మానవ హక్కుల ప్రకటనకు ఓటేశాయి మరి! (అదే సంఘం 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ ప్రకటన చేసిందనుకో.)

అయినా ‘మా పద్ధతి’ అంటున్నది ఎవరో చూడాలి తల్లీ. మతం మార్చుకునే స్వేచ్ఛకు సౌదీ అరేబియా అభ్యంతరం చెప్పి ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ అదే ఇస్లాం పేరున ఆ స్వేచ్ఛను సమర్థించాడు. వీళ్లలో ఎవరిది ‘వాళ్ల న్యాయం’ అంటావు? ఎవరి న్యాయం వాళ్లదని నువ్వు పక్కకు తప్పుకుంటే, ఆ ఇంట్లో గొంతు పెద్దదైనవాడి మాటే చెల్లుతుంది.

ఆ ప్రకటనకు అనుకూలంగా 48 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, తటస్థంగా ఉన్న దేశాలు 8. ఆ ఎనిమిదింటిలో దక్షిణాఫ్రికా ఒకటి. అప్పట్లో అక్కడి నల్లవాళ్లలో అత్యధికులకు ఓటే లేదు. ఆ తటస్థత ఎవరి సంస్కృతో నువ్వే చెప్పు.

సెలవులకు వచ్చినప్పుడు తీరిగ్గా వాదించుకుందాం. నేను చాంగ్ పక్షం. మీ అమ్మమ్మ మాత్రం మాలిక్‌నే సమర్థిస్తుంది, ఇంట్లో మాకు పేచీ లేకపోయినా.

తాతయ్య