కమ్మి త్రిప్పినవాని వంతు

ధ్యానభాగములు: నిర్గమకాండము 12:3–11, 2 దినవృత్తాంతములు 35:13–15, యోహాను 21:9–13



క్రిస్మసు దగ్గరపడుచున్నప్పుడు మన సంఘపెద్దలు కూడి చేయు మొదటి ఆలోచన విందును గూర్చియే. బియ్యమెంత, మాంసమేది, వంటవాడెవడు అను మాటలు తేలిన తరువాతనే ఆరాధనక్రమము సంగతి వచ్చును. నేను దీనిని తప్పుపట్టుటలేదు. ఆకలి ఎరిగిన ప్రజలకు విందు చిన్న సంగతి కాదు. మన ప్రభువును కూడ సువార్తలలో అనేకమారులు భోజనపంక్తిలోనే చూచుచున్నాము. గనుక ఈ నెల పొయ్యిని గూర్చియే ధ్యానించుదము.

జఫర్‌గఢ్ కోటగుట్ట కనబడునంత దూరములో ఒక పల్లె సంఘమున్నది. మునుపు ఆ ప్రాంతము వరంగల్లు జిల్లాలో నుండెను; 2016 నుండి జనగామ జిల్లాలో నున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నేనక్కడ పరిచర్య చేయుచుండగా, అమెరికాలో ఉద్యోగము చేయు ఆ ఊరి బిడ్డ ఒకడు క్రిస్మసుకు ఇంటికి వచ్చెను. ఆ దేశములో పందిని గాని టర్కీకోడిని గాని ముక్కలు చేయక, నిండుగా ఇనుప కమ్మికి గ్రుచ్చి, బొగ్గుల నిప్పుమీద గంటలకొలది త్రిప్పుచు కాల్చుదురనియు, ఈసారి సంఘమంతటికి అట్టి విందు తన ఖర్చుతో చేయుదుననియు అతడు చెప్పెను. పెద్దలు సంతోషించిరి. సంఘము అప్పు చేయనక్కరలేదు గనుక నేనును సంతోషించితిని.

మనవారు కాల్చుట ఎరుగనివారు కారు. మేకను కోసినప్పుడు వెంట్రుకలు పోవునట్లు మంటమీద కాల్చి, పసుపు పూసి, కడిగి, ముక్కలు కొట్టి కూర వండుదుము. అయితే మనకు ఆ మంట తోలువరకే. లోపలిది పక్వమగుట నీళ్లలోనే. నిండు జంతువును నిప్పుచేతనే లోపలివరకు పక్వము చేయుట వేరొక విద్య. ఫిలిప్పీను దీవుల క్రైస్తవులు పండుగలకు పందిని వెదురుబొంగుకు గ్రుచ్చి, బొగ్గులమీద త్రిప్పి కాల్చి, దానిని లెచోన్ అని పిలుచుదురు. టర్కీకోడి మాట కొంత చిత్రమైనది. అది అమెరికా ఖండపు పక్షి. బైబిలులో దాని పేరే లేదు. 1612లో గోవానుండి తెచ్చిన ఒక టర్కీకోడిని చూచి జహంగీరు చక్రవర్తి ఎంతో ఆశ్చర్యపడి, దాని చిత్రమును వ్రాయించెను. ఇప్పుడది మన పల్లెలలో పెంటకుప్పలమీద తిరుగుచున్నది.

టర్కీకోళ్లు ఎందుకనగా, ఆ సంఘములో పందిమాంసము ముట్టని ఇండ్లు కొన్ని యున్నవి. తినువాడు తిననివానిని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు అని పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయములో వ్రాసినదానిని పెద్దలకు చదివి వినిపించితిని. అందరును ఒప్పుకొనిరి. ఆ విషయములో మాకు తగవు రాలేదు. మేము తప్పిపోయిన చోటు వేరు.

కమ్మరి ఒక నిడుపాటి కమ్మిని, దానికొక పిడిని, రెండు కవ నిలుపులను చేసియిచ్చెను. తుమ్మకఱ్ఱ బొగ్గులు మూడు బస్తాలు వచ్చినవి. పంది శుభ్రముచేసిన తరువాత 35 కిలోలు తూగెను. దానిని తెచ్చినవాడు ఎరుకల ఇంటి యువకుడు. మన సంఘమువాడు కాడు. బేరము పందికి మాత్రమే. అయితే కమ్మికి దానిని ఎట్లు బిగించవలెనో మాలో ఎవరికిని చేతకాకపోగా, అతడే నిలిచి, వెన్నెముకను కమ్మికి తీగెతో నాలుగైదు చోట్ల కట్టెను. అట్లు కట్టనియెడల మాంసము మెత్తబడిన తరువాత కమ్మి తిరుగును గాని పంది తిరుగదు. ఒకే వైపు మాడిపోవును. భుజములు, తొడలు మందము, నడుము పలుచన. కాబట్టి రెండు కొనలక్రింద నిప్పులు దట్టముగాను, నడుమ పలుచగాను పరచవలెను. క్రొవ్వు కరిగి నిప్పుమీద పడినచో మంట లేచి తోలును నల్లచేయును గనుక నిప్పులను ప్రక్కలకు నెట్టి, క్రొవ్వు పడుచోట పళ్లెముంచవలెను. ఇవన్నియు అతనికి తెలిసియుండెను. ఎవరును అడుగకముందే అతడు పిడి పట్టుకొనెను.

ఈ వృత్తాంతమును అక్కడ నిలిపి, ఒక్క నిమిషము ఐగుప్తుకు పోవుదము.

పస్కా గొఱ్ఱెపిల్లను గూర్చి దేవుడిచ్చిన కట్టడలో వంట సంగతి ఎంత వివరముగా నున్నదో గమనించితిరా? పచ్చిగా తినవద్దు, నీళ్లలో ఉడికించి తినవద్దు, తలయు కాళ్లును లోపలి భాగములును కూడ నిండుగా నిప్పుచేత కాల్చవలెను. ఎముక విరువకూడదు. ఉదయమువరకు ఏమియు మిగులకూడదు. ఒక ఇంటివారికి ఒక పిల్ల ఎక్కువైనచో పొరుగింటివానిని చేర్చుకొనవలెను. నాకు ఈ చివరి మాట మిక్కిలి ఇష్టము. కుండలో కూర కొంచెము కొంచెముగా వండుకొనవచ్చును, దాచుకొనవచ్చును. నిండుగా కాల్చినది ఒక ఇంటికి చాలనంత చిన్నది కాదు, దాచుకొనదగినది కాదు. అది పొరుగువానిని లోపలికి పిలిపించును.

సమరయులు నేటికిని గెరిజీము కొండమీద పస్కానాడు గొఱ్ఱెపిల్లలను నిండుగా పొడవైన కఱ్ఱలకు గ్రుచ్చి, నిప్పులతో కాగిన లోతైన గుంటలలో దించి, పైన మట్టితో మూసి, గంటలకొలది కాచుకొని, రాత్రివేళ తినుచున్నారు. వారి సమాజమంతయు వేయిమందికి లోపే. యూదుల మిష్నా గ్రంథము ఈ పనికి దానిమ్మకఱ్ఱను వాడుమనును, ఇనుప కమ్మిని వద్దనును; ఇనుము కాగినయెడల మాంసమును పక్వముచేసినది నిప్పు గాక ఇనుమగునని వారి బోధకులు వివరించుదురు. ఆ సమరయ దేశములోనే పుట్టిన యుస్తీను అను హతసాక్షి రెండవ శతాబ్దములో వ్రాయుచు, గొఱ్ఱెపిల్లకు నిలువుగా ఒక కఱ్ఱ, వీపుకు అడ్డముగా ముందరికాళ్లు కట్టుటకు మరియొక కఱ్ఱ ఉండుట సిలువ రూపమని చెప్పెను.

ఇంకొక సంగతి. ఆ రాత్రి ఇశ్రాయేలీయులు నడుము కట్టుకొని, చెప్పులు తొడుగుకొని, కఱ్ఱ చేతపట్టుకొని త్వరగా తినవలసియుండెను. తినుటలో త్వర ఉండెను. కాల్చుటలో త్వర లేదు! నడిరాత్రి సంహారము జరుగనైయున్న ఆ రాత్రియందు సహితము, పచ్చిగానైనను తిని బయలుదేరుడని దేవుడు చెప్పలేదు.

మేము ఆ క్రిస్మసునాడు దీనికి తలక్రిందులుగా చేసితిమి. మంచుకు బొగ్గులు చెమ్మగిల్లి నిప్పు రాజుకొనుట ఆలస్యమాయెను. ఉదయము ఏడు గంటలకు పంది నిప్పుమీదికి వచ్చెను. అంతటి పందికి ఆరేడు గంటలు పట్టును. ఆరు కిలోల టర్కీకోడికి మూడు గంటలు. మేము ఒంటిగంటకు భోజనమని అందరికిని చెప్పియుంటిమి. నేను ఆరాధన నడిపించి, లూకా 2:7 తీసికొని, మరియ యోసేపులకు సత్రములో స్థలము లేకపోయిన సంగతి కన్నీళ్లు వచ్చునట్లు బోధించితిని. ఆ యువకుడు వెలుపల కమ్మి త్రిప్పుచుండెను. కిటికీలు తెరచియున్నవి గనుక నా ప్రసంగము అతనికిని వినబడియుండవలెను.

పన్నెండున్నరకు నేను బయటికి వచ్చునప్పటికి తోలు బంగారువర్ణముగా నుండెను. జనులు విస్తళ్లముందు కూర్చుండిరి.

"ఇక దించుదమా?" అంటిని.

"అయ్యగారూ, ఇంక కాలలే. పైన ఎర్రబడ్డది గని తొడకాడ పచ్చిగనె ఉన్నది. ఇంక గంటన్నరన్న పడుతది" అని అతడు చెప్పెను.

"జనము కూర్చున్నారు బిడ్డా, నిప్పు ఎక్కువ చేయి" అంటిని.

అతడు నా ముఖము చూచి, మరేమియు అనక, నిప్పులు దగ్గరకు లాగెను. అరగంటలో తోలు నల్లబడెను. కోసి చూడగా తొడలలో ఎముకయొద్ద ఎఱ్ఱని నీరు కారుచుండెను. పందిమాంసము సగము పచ్చిగా తినుట ప్రమాదమని మీరెరుగుదురు. అందులోని పురుగుపిల్లల తిత్తుల వలన కడుపులో బద్దెపురుగు పెరుగును. ఆ పురుగు గ్రుడ్లు మలముద్వారా వెలుపలికి వచ్చి, నీళ్లలోను ఆకుకూరలలోను కలసి మరియొకని కడుపులోనికి పోయినచో మెదడుకెక్కి మూర్ఛలు కలుగజేయును. బాగుగా కాల్చిన మాంసములో అవి చచ్చును. ధర్మామీటరున్నవారు మిక్కిలి మందమైన చోట గ్రుచ్చి 74 డిగ్రీల వేడి వచ్చినదాక ఆగవలెను. మాకు ధర్మామీటరు లేదు, ఓపికయు లేదు. దానిని ముక్కలు కొట్టి, బగోనెలలో వేసి, ఉప్పుకారములతో ఉడికించితిమి. భోజనము నాలుగు గంటలకాయెను. టర్కీకోళ్లు బాగుగానే కాలినవి. అవి ముందుగనే అయిపోయినవి.

ఎఫ్రాయిము త్రిప్పబడని రొట్టెవంటివాడని హోషేయ ప్రవక్త 7వ అధ్యాయములో చెప్పెను. ఒక ప్రక్క మాడినది, మరియొక ప్రక్క పచ్చిపిండి. ఆ మాట ఇశ్రాయేలు రాజులను గూర్చియని నేను ఎన్నో మారులు బోధించితిని. ఆ దినము నా తోలు ఎంత ఎఱ్ఱగా కనబడుచున్నను ఎముకయొద్ద నేనెట్లున్నానో సాయంకాలమునకు గాని తెలియలేదు.

సాయంకాలము పెద్దలు లెక్కలు చూచుచుండగా, గుడి ఊడ్చు అవ్వ వచ్చి, "అయ్యగారూ, కమ్మి తిప్పిన పిల్లగాడు తిన్నడా?" అని అడిగెను.

ఎవరును పలుకలేదు. ఏ పంక్తిలోను అతనిని చూచినవారు లేరు. పొమ్మన్నవారును లేరు, కూర్చుండుమన్నవారును లేరు. పంది డబ్బు ఇచ్చితిమని ఒక పెద్ద చెప్పెను. అది నిజమే.

మరునాడు నేను అతని ఇంటికి వెళ్లితిని. ఊరి చివర ఇల్లు. తల్లి మంచము వాల్చి, మంచినీళ్లిచ్చెను. అతడు తన ఆకలి మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగెను: "తొడ కాలిందా అయ్యగారూ?" కాలలేదని చెప్పితిని. అతడు తల వంచుకొనెను, తన పని చెడినందుకు విచారపడినట్లు. క్షమించుమని నేను అడిగినప్పుడు ఏమనవలెనో అతనికి తోచలేదు. తల్లియే, "పెద్దోళ్లు మీరు అట్ల అనొద్దు" అనెను. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు.

ఇంటికి వచ్చి యోషీయా రాజు ఆచరించిన పస్కా వృత్తాంతమును చదివితిని. అనేకమారులు చదివినదే, అయినను 2 దినవృత్తాంతములు 35లోని ఈ వచనములు ఎన్నడును నన్ను ఆపలేదు. లేవీయులు పస్కాను కట్టడ చొప్పున నిప్పుమీద కాల్చి, తక్కిన ప్రతిష్ఠిత మాంసమును కుండలలోను బొరుసులలోను వండి, జనులందరికిని త్వరగా అందించిరి. రాత్రివరకు దహనబలులు అర్పించుచున్న యాజకులకు తీరిక లేదు గనుక వారికొరకును తామే సిద్ధపరచిరి. పాడువారు తమ స్థలములలో నుండిరి. ద్వారపాలకులు గుమ్మములయొద్ద నుండిరి. వారు తమ పని విడిచి రానక్కరలేకుండ, వారి వంతును లేవీయులైన వారి సహోదరులే సిద్ధపరచిరి. అంత గొప్ప పండుగలో, వేలకొలది పశువుల నడుమ, గుమ్మము విడువలేనివాడు ఏమి తినునని తలంచినవారుండిరి. దానిని వ్రాసిపెట్టినవారును ఉండిరి. వంట వడ్డనలు చేసిన లేవీయులు మన పంక్తులలో మొదట కూర్చుండువారివంటి వారు కారు.

యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు రెండుచోట్ల కనబడును. గ్రీకులో ఆ మాట క్రొత్త నిబంధనయందు ఆ రెండు చోట్లనే యున్నది. ఒకటి ప్రధానయాజకుని ముంగిట, పేతురు చలికాచుకొనుచు ప్రభువును ఎరుగనని బొంకిన చోట. రెండవది తిబెరియ సముద్రపు ఒడ్డున. రాత్రియంతయు పనిచేసి వచ్చినవారికి అక్కడ చేపయు రొట్టెయు సిద్ధముగా నున్నవి. నిప్పుయొద్ద నిలిచినవాడు ప్రభువే. భోజనమునకు పిలిచినవాడును, పంచిపెట్టినవాడును ఆయనయే. మేకుల గాయములు గల చేతులకు ఆ నిప్పు వేడి తగిలియుండును గదా!

మరుసటి క్రిస్మసుకు పంది వద్దని కొందరనిరి. నేను పట్టుపట్టితిని. ఈసారి ఆ యువకుని బేరమునకు గాక, ఇంటికి వెళ్లి పెండ్లికి పిలిచినట్లు తల్లితో కూడ పిలిచితిమి. గంటకు ఇద్దరు చొప్పున కమ్మి త్రిప్పువారి పట్టీ వ్రాసితిమి. అందులో కాపరి పేరు, పెద్దలందరి పేర్లు చేర్చితిమి. మొదటి పంక్తి లేవకముందే నిప్పుయొద్దనున్నవారికి విస్తరి వెళ్లవలెనని తీర్మానించి పుస్తకములో వ్రాసితిమి. బొగ్గులు ముందురోజే ఎండబెట్టితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకే నిప్పు చేసితిమి. ప్రసంగము ఆ ఊరి ఉపాధ్యాయుడొకడు చేసెను.

పదకొండు గంటలకు నా వంతు వచ్చెను. ఆ యువకుడు ప్రక్కన కుర్చీలో కూర్చుండి చూచుచుండెను. తోలు ఎంతో చక్కగా ఎఱ్ఱబడియుండెను. నేను అతనివైపు చూచితిని. అతడు లేచి, సన్నని ఊచను తొడలో ఎముకవరకు దింపి, తీసి, దాని కొనను చూచెను.

"ఇంక కాలలే అయ్యగారూ" అనెను.

గుడిలో ఆఖరి పాట అయిపోవచ్చుచుండెను. ఇంకొక గంట పట్టునని అవ్వచేత కబురు పంపితిని. లోపల ఇంకొక పాట ఎత్తుకొనిరి. నేను కమ్మి త్రిప్పుచుంటిని.