తిరిగి రాని తొమ్మండుగురు

ధ్యానమునకు: లూకా 17:11-19, గలతీయులకు 6:10



వరదలు వచ్చి పల్లెలు మునిగినప్పుడు సంఘమునకు కొన్ని బియ్యపు బస్తాలు, దుప్పట్లు వచ్చుట కలదు. అవి బండి దిగకముందే ఒక ప్రశ్న లేచును: “అయ్యగారూ, మనవాళ్ళకే గదా?”

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. అడుగువారు చెడ్డవారు కారు. కాలువగట్టున గుడిసె వేసికొని కూలి మీద బ్రదుకు తల్లికి, గుడి ముంగిట దిగిన బియ్యము వేరొక పేటకు పోవుట చూచుట కష్టమే. పైగా వారికి వాక్యాధారమును కలదు. విశ్వాసగృహమునకు చేరినవారిని విశేషముగా తలంచుకొనవలెనని పౌలు గలతీయులకు వ్రాసెను. అయితే ఆ వచనములోనే, అంతకు ముందుగానే, అందరికిని మేలు చేయవలెనని యున్నది. విశేషముగా అనగా మాత్రమే అని అర్థము కాదు. మన సంఘపు విధవరాలిని పస్తుంచి ఊరివారి మెప్పు కొరకు పంచుట తప్పు. పొరుగు పేట పిల్లలు పస్తుండగా మన యింట రెండవ బస్తా దాచుట అంతకన్న తప్పు.

ప్రభువు చేసినది చూడుడి. పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి కేకలు వేసిరి. పదిమందియు శుద్ధులైరి. తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడును సమరయుడు. తక్కిన తొమ్మండుగురు ఎక్కడని ప్రభువు అడిగెను. అడిగెనే గాని, వారికిచ్చిన స్వస్థతను తిరిగి తీసికొనెనని ఎక్కడను వ్రాయబడలేదు. ఆయన ఇచ్చినది వెలకు ఇచ్చినది కాదు.

మన గోదావరి సీమకు ఈ పాఠము క్రొత్తది కాదు. బౌడెను, బీరు అను మిషనెరీలు 1836లో ఈ దేశమునకు వచ్చిరి. తరువాత రాజమహేంద్రవరములో డాక్టరు లిడియా వోర్నరు దొరసానిగారి సేవవలన 1911లో స్త్రీలకును పిల్లలకును లూథరన్ ఆసుపత్రి తెరువబడెను. రామచంద్రపురములో కెనడా బాప్తిస్టు మిషనువారు కుష్ఠరోగులకు ఆశ్రమము నడిపిరి. అట్టి చోట్ల సువార్త చెప్పబడెను. అది దాచవలసిన సంగతి కాదు. అయినను బాగుపడి ఇంటికి పోయిన వారిలో అనేకులు తమ పూర్వపు మతములోనే యుండిరి. ఆ శ్రమ వ్యర్థమందుమా? బ్రదికిన బిడ్డ బ్రదికిన బిడ్డయే గదా!

మరియొక సంగతి. మన పితరులు బియ్యము కొరకు మతములో కలిసిరని ఎగతాళి చేసినవారు కలరు. మన గుడికి వచ్చువారికే పెట్టుదుమని మనమే అన్నయెడల, ఆ ఎగతాళిని మన చేతులతో నిజము చేసినవారమగుదుము. బియ్యముతో కొన్న విశ్వాసము బియ్యముతోనే చెల్లిపోవును.

1986 ఆగస్టు వరదగాని, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను పడగొట్టిన తుపానుగాని, ఎవరిది ఏ పేట అని అడుగలేదు. కావున పట్టిక వ్రాయునప్పుడు పేరుకు ముందు అక్కర చూతము. ఇల్లు పడినవారు, బాలింతలు, మంచమున పడిన వృద్ధులు ముందు. పట్టిక వ్రాయుచోట సంఘ పెద్దలతో పాటు ఇతర పేటల పెద్దలను కూర్చుండబెట్టుకొందము, అనుమానము తగ్గును. బయటి సాయము ఎల్లకాలము రాదు గనుక, ప్రతి యింట వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి యుంచుకొందము. పుచ్చుకొనిన చేయియే పెట్టు చేయి కావలెను.

తిరిగివచ్చిన ఒక్కని బట్టి దేవుని స్తుతింతము. తొమ్మండుగురు రాకపోయినను, మరల పదిమందికి పెట్టుదము.