ఏ పెట్టెలో గుడ్డుంది?

ముస్లిం ఇంట్లో ఏం జరిగినా అది ఆ ఇంటి వ్యవహారంగా మిగలదు. మొత్తం కౌమ్‌కి లెక్క చెప్పాల్సిన సంగతై కూచుంటుంది. పెళ్లయినా అంతే, చదువైనా అంతే, చివరికి పుట్టినరోజు కేకయినా అంతే.

మా అమ్మీకి అరవై ఎనిమిదేళ్లు. మనవరాలి ఏడో పుట్టినరోజుకి రైలుబండి కేకు చేస్తానంది. ఇంజనూ, వెనక నాలుగు పెట్టెలూ. ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నసెగ మీద ఒక్కో గిన్నె పెట్టడమే. గిన్నెకి ముప్పావుగంట.

విన్న మామూ ఒకాయన "పుట్టినరోజులు మనవి కావు బేటీ, పరాయి పోకడ" అన్నాడు నాతో. సెక్యులర్ మిత్రుడొకడు "బాగుంది, మీవాళ్లలోనూ మార్పొస్తోంది" అన్నాడు. ఒకరికి అది పతనం, ఇంకొకరికి ప్రగతి. పిండి జల్లిస్తున్న ముసలామె మాత్రం ఇద్దరికీ కనపడలేదు.

మామూ మాటని తీసిపారెయ్యను. ఆయన పట్టింపు దీన్ గురించి. చెప్పే హక్కు ఆయనకుంది, ఒప్పుకోకుండా ఉండే హక్కు అమ్మీకుంది. కాకపోతే 'మనవి' అన్న మాట అంత తేటగా లేదు. పుట్టినరోజుని మేం సాల్‌గిరా అంటాం. సాల్ అంటే ఏడాది, గిరహ్ అంటే ముడి. ఏడాదికో ముడి వేస్తూ దారం దాచుకునే ఆచారం నుంచి వచ్చిన మాట అది. అక్బర్ పుట్టినరోజున తులాభారం తూగేవాడు. అది ఈ నేల మీది రాజుల దగ్గర నేర్చుకున్నదే. అంతమాత్రాన అది సరైనదైపోదు గానీ, ఆ దారంలో ఎన్ని పోగులున్నాయో తెలుస్తుంది.

నాకు ఎక్కువ గుచ్చుకుంది మిత్రుడి మెచ్చుకోలే. కేకు చేస్తే మారినట్టూ, పీర్ల పండక్కి మలీదా చేస్తే మారనట్టూనా? రెండూ ఆ చేతులే చేస్తాయి.

అసలు ప్రశ్న వంటింట్లో లేచింది. పిలిచిన పిల్లల్లో ముగ్గురు గుడ్డు తినని ఇళ్లవాళ్లు. కేకులో కలిసిపోయాక గుడ్డు కనపడదు, వాసనని వెనిలా కప్పేస్తుంది. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది బంధువొకామె. మొత్తం గుడ్డు లేకుండానే చేసెయ్యమంది ఇంకొకామె. అమ్మీ రెండూ వినలేదు. "మన పిల్ల గుడ్డు తింటుంది, అందులో దాచాల్సిందేముంది? వాళ్ల పిల్లలు తినరు. తెలియకుండా పెడితే హరామ్."

ఇంజనూ మొదటి రెండు పెట్టెలూ గుడ్డుతో. చివరి రెండు పెట్టెలు పెరుగూ వంటసోడాతో. పెరుగు పులుపుకి సోడా పొంగి పిండిని లేపుతుంది గానీ, గుడ్డు పట్టి ఉంచినట్టు పట్టి ఉంచదు. పూర్తిగా చల్లారకుండా కోస్తే పొడిపొడి అవుతుంది. రెండో పెట్టె అలాగే విరిగితే మళ్లీ చేసింది. గిన్నె వేరు, గరిట వేరు. అలంకరణకి జెల్లీ బిళ్లలు కొంటూ, జెలటిన్ దేంతో చేశారని అడిగితే షాపతను విసుక్కున్నాడు. 'ఇందులో ఏముంది?' అని అడిగి అడిగి చిన్నబోయినవాళ్లం మేం. ఆ ప్రశ్న విలువ మాకు తెలుసు.

కలిసి బతకడమంటే తేడాలు మర్చిపోవడమని మన సెక్యులర్ మిత్రులు చాలామంది అనుకుంటారు. ఏది పెడితే అది తినడమే వాళ్ల పరీక్ష. నేనలా అనుకోను. పక్కింటి నియమం నాకు అర్థం కాకపోవచ్చు, నచ్చకపోవచ్చు. వాళ్ల వెనక దాన్ని చెరిపెయ్యడానికి నాకు హక్కు లేదు. దీన్ని సహనం అనడం నాకిష్టం లేదు. సహనంలో పైనుంచి చూసే చూపుంటుంది. మా మాటల్లో దీనికి అమానత్ అని పేరు, నమ్మి అప్పజెప్పింది అని. పిల్లని మా గడప దాటించిన తల్లి మా చేతిలో పెట్టింది అదే.

అయితే గుడ్డు లేదన్నా, మా ఇంటి గిన్నెలో ఉడికిందని ముట్టని ఇళ్లూ ఉన్నాయి. దాన్ని మాత్రం తిండి నియమం అనమంటే నేననలేను. ఆ పట్టింపు పదార్థం మీద కాదు, మనిషి మీద.

ఒక తల్లి ముందే ఫోన్ చేసి అడిగింది. "చివరి రెండు పెట్టెలమ్మా, గిన్నె కూడా వేరు" అని చెప్పింది అమ్మీ. ముగ్గురిలో ఇద్దరొచ్చారు. మూడో పిల్ల రాలేదు. కారణం ఎవరూ అడగలేదు. మిగిలిన ముక్క డబ్బాలో పెట్టి స్కూలుకి తీసుకెళ్తానంది మా అమ్మాయి. వాళ్లమ్మని అడక్కుండా ఇవ్వకూడదంది అమ్మీ.