తేలని మాట

18 మొదలు 22 వారముల మధ్య తీయు స్కానింగులో శిశువు మెదడునందు నీటిబుడగవంటి చిన్న తిత్తి కనబడెనని చెప్పినప్పుడు, తల్లి అడుగునది ఒక్కటే: నా బిడ్డ బాగున్నదా, లేదా? డాక్టరమ్మ అవునని గాని కాదని గాని చెప్పజాలదు. ఇట్టి తిత్తులు నూటికి 1, 2 శిశువులలో అగపడును. వేరే లోపమేదియు లేనియెడల దాదాపు అందరును ఆరోగ్యముగానే పుట్టుదురు. ఏడవ నెలనాటికి తిత్తి సాధారణముగా తనంతట కరిగిపోవును. అయితే ఎడ్వర్డ్సు సిండ్రోము అను క్రోమోసోముల వ్యాధి గల శిశువులలోను ఇవి ఉండును గనుక, గుండెను, చేతులను మరల శ్రద్ధగా చూడవలెనందురు.

పరీక్ష చేయించుట అవిశ్వాసమా అని కొందరడుగుదురు. కాదు. తల్లి రక్తము పరీక్షించుటలో శిశువునకు హాని లేదు. ఉమ్మనీరు సూదితో తీయుటలో గర్భస్రావ భయము కొద్దిగా ఉన్నది. వద్దనుటకును ఆ దంపతులకు స్వాతంత్ర్యము కలదు.

నాకు కష్టముగా తోచునది వేరొకటి. అంతయు మేలే జరుగునని మనము దేవుని పేరట మాట ఇచ్చివేయుదుము. ఆ మాట ఇచ్చుటకు మనమెవరము? బిడ్డ వ్యాధితో పుట్టెనా, తన ప్రార్థన చాలలేదని ఆ తల్లి తన్ను తానే నిందించుకొనును. ఇరుగుపొరుగువారు గ్రహణము మాట ఎత్తుదురు. మనవారు పాపము మాట ఎత్తుదురు. రెంటికిని భేదమేమి? యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని గూర్చి శిష్యులును ఇదే అడిగిరి. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకొనలేదు.

తెలియనిదానిని తెలియదనియే ఒప్పుకొని ఆమెతో కనిపెట్టవలెను. మరల స్కానింగు తీయు దినమున ఆమెతో బస్సెక్కువారెవరు? ఆ పూట ఇంటనున్న పెద్దపిల్లకు అన్నము పెట్టువారెవరు?