తలుపు తట్టని చూపు

ఉత్తర ప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో అనుమానించి, సాక్ష్యం చాలక విడిచిపెట్టారు. విడిచిపెట్టిరే గాని, పోలీసులు ఆయన పేరిట ఒక చరిత్ర పత్రాన్ని తెరిచి ఉంచారు. కానిస్టేబుళ్లు, చౌకీదార్లు అర్ధరాత్రి వేళ వచ్చి తలుపు తట్టేవారు. కేకలు వేసి నిద్ర లేపేవారు. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. 1962 డిసెంబరు 18న తీర్పు వెలువడింది. రాత్రివేళ ఇంటికి వచ్చి లేపటం చెల్లదన్నారు. ఇంటి చుట్టూ రహస్యంగా కాపు కాయటం మాత్రం చెల్లుతుందన్నారు. గోప్యత అనేది రాజ్యాంగం హామీ యిచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తుల అభిప్రాయం.

రాజమహేంద్రవరంలో జన్మించిన కోకా సుబ్బారావుగారు దీనికి సమ్మతించలేదు. జె.సి. షాగారు ఆయనతో ఏకీభవించారు. ఎవరో తనను గమనిస్తున్నారన్న ఎరుకతో నడిచే మనిషి, కాళ్లకు సంకెళ్లు లేకపోయినప్పటికీ, స్వేచ్ఛగా నడుస్తున్నట్లు కాదని సుబ్బారావుగారి వాదం. ఆ వాదం సరియైనదని తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ఒప్పుకొనటానికి 2017 ఆగస్టు 24 వరకు పట్టింది. న్యాయం ఒక్కొక్కప్పుడు ఎద్దుబండి మీద వస్తుంది.

ఆ న్యాయస్థానం ఉన్న తిలక్ మార్గ్ నుండి యమున దాటి పోతే నోయిడా. అక్కడ ఎత్తైన మేడలో పదకొండవ అంతస్తున నా మిత్రులొకరు ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. మూడేళ్ల బిడ్డను, ఇంటిని పనిమనిషికి అప్పగించి ఉదయం వెళితే, తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. వారి ఇంట్లో తలుపు తాళం ఫోనుకు లోబడి ఉన్నది. ఏసీ ఫోనుకు లోబడి ఉన్నది. వంటగదిలోను, హాలులోను రెండు కెమెరాలు ఉన్నవి. ఒక మూల చిన్న పెట్టె వంటిది మాట వినిపిస్తే బదులు పలుకుతుంది. బదులు పలకాలంటే ఎల్లప్పుడూ చెవి ఒగ్గి ఉండక తప్పదు కదా.

వంటగదిలోని దృశ్యం హాలులో కూర్చున్న మిత్రుని ఫోనుకు చేరటానికి పది అడుగులే దూరమని మనం అనుకొంటాము. కాని పెక్కు కెమెరాల విషయంలో ఆ దృశ్యం ఇంటి నుండి బయలుదేరి, తయారుచేసిన కంపెనీవారి సర్వరుకు వెళ్లి, అక్కడ నుండి తిరిగి వస్తుంది. ఆ సర్వరు ఏ ఊళ్లో ఉన్నదో, అక్కడ ఎవరు కాపలా ఉన్నారో కొన్నవారికి తెలియదు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 'రింగ్' కెమెరాల కంపెనీపై ఫిర్యాదు దాఖలు చేసింది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు స్త్రీల పడకగదులలోను, స్నానపుగదులలోను ఉన్న కెమెరాల దృశ్యాలను నెలల తరబడి చూశాడని అందులో ఆరోపించింది. 58 లక్షల డాలర్లతో వ్యవహారం పరిష్కారమైంది. ఇక కంపెనీవారు కాని అపరిచితుల సంగతి. 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. తమ కెమెరా పరుల సేవకు పోయినదని యజమానులలో ఎక్కువ మందికి తెలియనే తెలియదు.

ఇవన్నీ చెప్పితే మిత్రులు నవ్వి, "మా యింట్లో దాచవలసినది ఏమున్నదండీ?" అన్నారు. వారి భయం వేరు. పసిబిడ్డను పరాయి చేతిలో పెట్టి పోయే తల్లి మనస్సు ఎట్లుంటుందో నాకు తెలియక కాదు. ఆ భయాన్ని వెక్కిరించే అధికారం నాకు లేదు. కాని "మా యిల్లు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ యింట్లో వెలుతురు ఉన్నంత సేపూ మెలిగేది మిత్రులు కాదు, పనిమనిషి. రోజుకు తొమ్మిది గంటలు ఆమె చేతులు, ఆమె కూనిరాగం, ఆమె నడుము నొప్పి, మధ్యాహ్నం ఆమె కునుకు, ఇవే ఆ సర్వరుకు చేరుతున్నవి. దాచవలసినది లేదని చెప్పినవారు ఒకరు, కనబడుతున్నవారు మరొకరు. ఆమె సమ్మతి ఎవరు అడిగారు? అడిగినా, నెల జీతం చేతిలో ఉన్నవారు అడిగినప్పుడు కాదనటం ఎట్లా?

చట్టం ఏమంటుందని అడుగుతారేమో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తులు తమ సొంత లేక గృహావసరాలకు వాడుకొనే సమాచారానికి వర్తించదు. ఇది అవివేకమని నేను అనను. బిడ్డ పుట్టినరోజున తీసిన ఫొటోకు సర్కారు ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకొనే స్థితి ఎవరికీ అక్కరలేదు. అయితే ఒకరికి గృహమైనది మరొకరికి పని చేసే చోటు అయినప్పుడు ఏమి చేయాలో ఈ మినహాయింపు ఆలోచించినట్లు లేదు. ఖరక్ సింగ్‌కు తనను లేపుతున్నదెవరో తెలుసు; ఆ చప్పుడే ఆయనకు సాక్ష్యమైంది. ఈమె ఎవరి మీద వ్యాజ్యం వేస్తుంది? దీదీ మీదనా? సముద్రాల అవతల ఉన్న పెట్టె మీదనా?

ఒకనాడు మిత్రులు ఆఫీసుకు పోక ఇంట్లోనే ఉన్నారు. నేను వెళ్లేసరికి హాలులోని కెమెరా మీద చేతిరుమాలు కప్పి ఉన్నది. "నేనే ఉన్నాను కదా, ఇక దానితో పనేమి?" అన్నారు. మాటలలో మధ్యాహ్నమైంది. పనిమనిషి తన రొట్టెల డబ్బా తీసుకొని, అలవాటు చొప్పున బయటికి పోయి, మెట్ల మలుపులో కూర్చున్నది. లోపలనే తినరాదా అని అడిగాను. ఆమె వంటగది వైపు చూపించింది. అక్కడి కెమెరా మీద రుమాలు లేదు.